నేతగానికి పిలుపు: కాగితం మీద యేమున్నది?

నూలు పున్నమినాడు షోలాపూరులో మార్కండేయస్వామి రథం వూరేగిన మరునాడు, భివండి నుండి మా అన్న కొడుకు మా సొసైటీ ఆఫీసుకు వచ్చినాడు. రథం చూడడానికే వచ్చినవాడైనా, మనసులో వేరే మాట వున్నట్టు ముఖం చూడగానే తెలిసింది. టీ తాగి గ్లాసు కింద పెట్టి అడిగినాడు.

"చిన్నాయినా, వరంగల్ల బట్టల పార్కు పెద్దగ అయింది గదా. సూరతు, భివండి పోయిన మనోళ్ళను వాపసు రమ్మన్నరు గదా. పోదునా, వద్దా?"

"యెవరు రమ్మన్నరు?"

"గవర్మెంటోళ్ళే."

"కాగితమున్నదా?"

"కాగితమెందుకు చిన్నాయినా, సభల చెప్పిండ్రు గదా!"

వానికి 34 యేండ్లు. పన్నెండు గంటల పాళీలో ఆరు సాంచాలు చూచుకొంటాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక్కటే గది. రాత్రి పాళీ చేసి వచ్చి పగలు నిద్రపోదామంటే పక్కింటి సాంచాల చప్పుడు. అట్టివాడు వచ్చి పోదునా అని అడిగితే వెంటనే అవునని గాని కాదని గాని చెప్పలేకపోయినాను. ఆ జవాబు వెదుకుతూ వ్రాసినదే యీ వ్యాసం. మన పత్రిక చదివే యిండ్లలో యీ ప్రశ్న మా యింటిది ఒక్కటే కాదని నాకు తెలుసు.

సంగతి మొదటినుండి చెప్పవలెను. 2017 అక్టోబరు 22న వరంగల్లు దగ్గర గీసుగొండ, సంగెం మండలాల భూములలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు అప్పటి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసినారు. 1200 ఎకరాలకు పైబడిన స్థలం. పొట్ట చేతబట్టుకొని సూరతు, భివండి, షోలాపూరు వెళ్ళిపోయిన నేతగాండ్రు తిరిగి రావలెననేది ఆ పార్కు వుద్దేశాలలో ఒకటని బహిరంగంగా చెప్పినారు. ఆ మాట విన్ననాడు మా వీధిలో ముసలివాళ్ళు కంటనీరు పెట్టుకొన్నారు. నేను పెంచి చెప్పడం లేదు. మూడు తరాలుగా మమ్మల్ని "యెందుకు వచ్చినారు" అన్నవాళ్ళే గాని "రండి" అన్నవారు లేరు.

ఆ తరువాత ఆ పార్కుకు రావడానికి 2021లో కేరళ నుండి పసిపిల్లల దుస్తులు కుట్టే కిటెక్స్ కంపెనీ ముందుకు వచ్చింది. కొరియా దేశపు యంగ్వన్ కంపెనీ కూడా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2023లో ఏడు రాష్ట్రాలకు ప్రకటించిన పి.యం. మిత్ర పార్కులలో తెలంగాణకు దక్కినది యిదే. పెట్టుబడిదారు రావడం చెడ్డ అని నేననను. 1934లో పుట్టిన ఆజంజాహీ మిల్లు మూతపడిన తరువాత వరంగల్లులో బట్టల పని యెంత చితికిపోయిందో చూచినవాళ్ళెవరూ అట్లా అనలేరు. నా ప్రశ్న వేరు. పెట్టుబడిదారుకూ పిలుపు వచ్చింది, నేతగానికీ పిలుపు వచ్చింది. రెండు పిలుపులూ ఒక్క తీరుగా వచ్చినవా?

ఆ 2017 నాటి వస్త్ర విధానం ఒకటి వున్నది. నా మెట్రిక్ చదువుతో ఆ యింగ్లీషు పట్టుబడడానికి మూడు రాత్రులు పట్టింది. పెట్టుబడి పెట్టేవానికి యంత్రాల ఖరీదులో సాయం, బ్యాంకు వడ్డీలో సాయం, కరెంటు చార్జీలో రాయితీ, కట్టిన పన్నులో రాష్ట్రపు వాటా వాపసు - యిట్లా ఒకదాని వెంట ఒకటి వున్నవి. ఒక్క తెలంగాణనే అనవలసిన పని లేదు. యే రాష్ట్రపు విధానం తీసినా దాదాపు యిదే వరుస. పెట్టుబడిదారు ఆ కాగితం చేతబట్టుకొని ఆఫీసుకు పోయి "నాకిది రావలెను" అని బల్ల గుద్ది అడుగవచ్చు. రాకపోతే కోర్టుకు పోవచ్చు. తిరిగి వచ్చే నేతగాడు తన పేరున అట్లా అడుగుకొనదగిన మాట మాత్రం నాకు అందులో కనబడలేదు. వాని పిలుపు సభలోనే వున్నది. సభ ముగిసి షామియానా విప్పిన తరువాత ఆ పిలుపు యెవరిని అడుగవలెను?

పిలిచే పట్టణాలు యెప్పుడూ యిట్లాగే పిలిచినవా అంటే లేదు. మద్రాసులో వున్న మనవారికి చింతాద్రిపేట తెలుసు. అరవంలో తరి అనగా మగ్గం. చిన్న మగ్గాల పేట అనే అర్థం మీదనే ఆ పేరు వచ్చిందంటారు. 1734లో ఈస్టిండియా కంపెనీ గవర్నరు జార్జి మార్టన్ పిట్ కాలంలో, కూవం నది వంపులో వున్న సుంకురామ చెట్టిగారి తోటను తీసుకొని ఆ పేట కట్టినారు. అక్కడ నేతగాండ్రు, నూలు వడికేవారు, అద్దకంవారు, చాకళ్ళు, గుడి కొలువువారు, యిటువంటి వారే కాపురముండవలెనని నిర్ణయం. గుడి కూడా వెలిసింది. మగ్గంవాని వెనుక నూలు వడికేది యెవరు, నేసిన బట్ట వుతికేది యెవరు, వాని దేవుడికి దీపం పెట్టేది యెవరు అన్నంతవరకు ఆలోచించినారన్నమాట.

కంపెనీవాళ్ళకు మన మీద దయ వుండి కాదు. సీమకు పంపే బట్ట చేతికందే దూరంలో తయారు కావలెను, అంతే. తరువాత బయానాల పేరుతో, గుమాస్తాల పేరుతో నేతగాండ్రను అప్పులో కట్టిపడవేసిన కథ మన పెద్దలకు తెలిసిందే. కనుక కంపెనీని పొగడడం నా వుద్దేశం కాదు. అంత లాభాపేక్ష గల వర్తకుడు కూడా నేతగాడు వట్టి చేతులతో రాడనీ, సంసారంతో వస్తాడనీ గ్రహించినాడు. అది చెప్పడానికే యీ ప్రస్తావన.

ఇంగ్లండులో నార్విచ్ అని ఒక పాత నేత పట్టణం. అక్కడి వున్ని నేత దెబ్బతిని వూరు దిగజారిపోయినప్పుడు, 1565లో ఆ వూరి పెద్దలు ఎలిజబెత్ రాణి అనుమతి సంపాదించి, సముద్రానికి ఆవల మతపీడనకు లోనై వచ్చిన ఫ్లెమిష్, వలూన్ నేతగాండ్రను పిలిపించుకొన్నారు. ఆ అనుమతి పత్రంలో లెక్క యెట్లున్నదో చూడండి. 30 మంది మేస్త్రీలు. ఒక్కొక్క మేస్త్రీకి పిల్లాజెల్లా, పనివాళ్ళు కలిపి పదిమందికి మించకుండా. వెరసి 300. అనగా పిలుపులోనే భార్యాబిడ్డలు లెక్కకు వచ్చినారు. 1570లో, యీ అన్యులను వెళ్ళగొట్టవలెనని ఆ వూళ్ళోనే కొందరు కుట్ర పన్నినారు కూడా. అది అణగిపోయింది. పదిహేనేండ్లు తిరగకముందే ఆ అన్యులు వేలకు వేలు అయినారు. వూరి నేత మళ్ళీ లేచింది. వాళ్ళు వెంట తెచ్చుకొన్న కానరీ పిట్టలు ఆ వూరికి యెంత అంటుకొన్నవంటే యిప్పటికీ అక్కడి ఫుట్‌బాల్ జట్టును ఆ పిట్ట పేరుతోనే పిలుస్తారట!

ఇంకా వెనుకకు పోతే మన దేశంలోనే మందసోరు శాసనం వున్నది. లాట దేశం, అనగా దక్షిణ గుజరాతు నుండి పట్టు నేతగాండ్ర శ్రేణి ఒకటి దశపురానికి, అనగా నేటి మధ్యప్రదేశ్‌లోని మందసోరుకు తరలిపోయింది. ఆ రాజుల గుణాలు విని వచ్చినామని వాళ్ళు చెప్పుకొన్నారు. మాళవ సంవత్సరం 493లో, అంటే క్రీ.శ. 437 ప్రాంతంలో, తమ సొమ్ముతో సూర్యుడికి గుడి కట్టించినారు. 36 యేండ్ల తరువాత దానికి మరమ్మతు చేయించి శాసనం వేయించినారు. ఆ శాసనంలో నాకు నచ్చిన మాట వేరే వున్నది. తమలో కొందరు విలువిద్య పట్టినారనీ, కొందరు జ్యోతిషం చెప్పుకొంటున్నారనీ, కొందరు కథలు చెబుతున్నారనీ దాచుకోకుండా చెప్పినారు. పదిహేను వందల యేండ్ల కిందటే నేతగాని కొడుకు మగ్గం మీదనే కూర్చుంటాడని యెవరూ ప్రమాణం చేయలేదు. పిల్లవాడు కంప్యూటరు పనికి పుణె పోయినాడని నొచ్చుకొనే మా వీధి పెద్దలకు నేనీ శాసనం సంగతి చెబుతూ వుంటాను. వాళ్ళు నవ్వి వూరుకొంటారు.

మా షోలాపూరు సంగతికి వస్తే, యిక్కడికి మమ్మల్ని యెవరూ పత్రం వ్రాసి పిలువలేదు. 1860లో రైలు వచ్చింది. 1876 మొదలు రెండేండ్లు దక్కనులో కరువు. 1877లో మొదటి నూలు మిల్లు నడవసాగింది. తరువాత మరి కొన్ని మిల్లులు. నిజాం యిలాకాలోని కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు పల్లెల నుండి మనవాళ్ళు బావ వెంట బావమరిది, మామ వెంట అల్లుడు అన్నట్టు వచ్చి చేరినారు. మా తాత వచ్చింది కూడా అట్లాగే. ఆయనకు పిలుపు అంటే ముందుగా వచ్చిన మేనమామ వ్రాయించి పంపిన ఒక్క కార్డు ముక్క.

ఆ మొదటి మిల్లు 1963లో మూతపడ్డది. అయినా వూరు మాత్రం నేత మీద నిలిచింది, ఇండ్ల ముంగిళ్ళలో పెట్టుకొన్న మగ్గాల మీద, ఆ పైన సాంచాల మీద. షోలాపూరు చద్దరు భౌగోళిక గుర్తింపు పొంది యిరవై యేండ్లు అయింది. పేరు వూరిది, పని మనది. ఇదంతా జరిగినా, యీ వూళ్ళో నేతగానికీ బీడీలు చుట్టే వాని భార్యకూ ఇల్లు యెప్పుడు వచ్చింది? ఆడం నర్సయ్య మాస్టరుగారి నాయకత్వంలో మన ఆడవాళ్ళు యేండ్ల తరబడి వూరేగింపులు తీసి, ధర్నాలు చేస్తే, కుంభారి దగ్గర గోదుతాయి పరులేకర్ పేరున పదివేల ఇండ్లు లేచినవి. 2006లో తాళపుచేతులు చేతికి వచ్చినవి. ఆ తరువాత రేనగర్‌లో 30 వేల ఇండ్ల పథకం, అందులో 15 వేలు 2024 జనవరి 19న అప్పగించినారు. సంతోషమే. కాని లెక్క చూడండి. మొదటి మిల్లు నుండి ఆ తాళపుచేతుల వరకు 129 యేండ్లు. పిలువని వూళ్ళో పోరాడి ఇల్లు సంపాదించడానికి నాలుగైదు తరాలు పట్టింది. ఇప్పుడు పిలిచే వూరికి పోయి మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టవలెనా అని మా ఆడవాళ్ళు అడిగితే నేను యేమి చెప్పగలను? మగవాడు సాంచా చూచి వూరు మారుతాడు. ఇల్లాలు గోడ చూచి మారుతుంది.

ఇల్లు కంటే గట్టి ముడి మరొకటి వున్నది. దాన్ని మన సంఘాలవారు కూడా పట్టించుకోవడం లేదు. మనం యెక్కడివాళ్ళం అన్నది.

మహారాష్ట్రలో వెనుకబడిన తరగతి సర్టిఫికెట్టు కావాలంటే 1967 నాటికే కుటుంబం యిక్కడ వున్నట్టు రుజువు అడుగుతారు. మా తాత బడికి పోలేదు, కనుక బడి కాగితం లేదు. భూమి లేదు, కనుక పట్టా లేదు. మా పెద్దబ్బాయి కాలేజీ సీటు సమయంలో నేను నాలుగు నెలలు తిరిగినాను. ఆఖరికి ట్రంకుపెట్టె అడుగున పాత నూలు పద్దుల మధ్య ఒక ఇంటిపన్ను రసీదు దొరికి గట్టెక్కినాము. ఆ రసీదు చెదలు తిని వుంటే నా కొడుకు యెక్కడివాడై వుండేవాడో!

సరే, అక్కడ తెలంగాణకు పోతే మన వూరు గదా అనుకొంటాము. పద్మశాలీలకు అక్కడ బి.సి. బి జాబితాలో స్థానం వున్నది. కాని 2018 నాటి రాష్ట్రపతి వుత్తరువు ప్రకారం అక్కడ ప్రభుత్వ వుద్యోగాల ప్రత్యక్ష నియామకాలలో 95 శాతం స్థానికులకే. ఆ స్థానికత చూసేది ఒకటో తరగతి నుండి ఏడో తరగతి లోపల పిల్లవాడు యెక్కడ చదివినాడన్నదానిని బట్టి. మా అన్న కొడుకు పిల్లలలో పెద్దది యిప్పుడు ఆరో తరగతి, భివండిలో. దాన్ని తీసుకొని వరంగల్లు పోతే, తాతముత్తాతల వూళ్ళో, తెలుగు మాట్లాడే పిల్ల, పరాయి పిల్ల. రెండోవాడు రెండో తరగతి కనుక, అక్కడ మిగతా తరగతులు చదివితే వాడు స్థానికుడు కావచ్చు. ఒకే కంచంలో తిన్న అక్క పరాయిది, తమ్ముడు సొంతవాడు! వుత్తరువు చేసినవారిని నేను తప్పు పట్టను. అక్కడి పిల్లల వుద్యోగాలు కాపాడడానికి అది పుట్టింది. అయితే "తిరిగి రండి" అని పిలిచినవారు యీ ముడి సంగతి ఆలోచించినట్టు నాకు తోచదు.

మనలో చాలామందికి తెలియని మరొక మాట. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాని అది కంట్రాక్టరు ద్వారా వచ్చినవారికే వర్తించేది. మన నేతగాడు వచ్చేది బావమరిది వెంట గదా, కంట్రాక్టరు వెంట కాదు. అందువల్ల నలభై యేండ్లు ఆ చట్టానికి మనం కంటికి ఆనలేదు. 2020లో చేసిన కొత్త కోడులో తనంతట తాను వచ్చినవానిని కూడా వలస కార్మికుడుగా లెక్కించినారు. అది మంచి మాటే. ఆ లెక్కలో పేరు వ్రాయించుకొన్నవాళ్ళు మీ వీధిలో యెంతమంది వున్నారో విచారించి చూడండి.

ఇక పనితనం సంగతి. పిలుపులో "నిపుణులు" అంటారు. యే నైపుణ్యం? మా సొసైటీలో యిప్పుడు చేతిమగ్గం మీద కూర్చునేవాళ్ళను వేళ్ళ మీద లెక్కించవచ్చు. అందులో ఒకాయన గోడకు వేలాడదీసే చిత్రపు నేత నేస్తాడు. మనిషి బొమ్మ చూపితే కంటిపాపతో సహా పేకలో దింపుతాడు. 61 యేండ్లవాడు. ఆయనను తీసుకొనిపోయి పసిపిల్లల చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో నిలబెడితే ఆయన నిపుణుడా, నౌకరు వెదుక్కొంటూ వచ్చిన ముసలివాడా? పవర్‌లూమ్ మీద వున్న మా అన్న కొడుకు కొంత నయం. కాని కొత్త ఫ్యాక్టరీలకు నాడె లేని మగ్గాలు నడిపేవాళ్ళు కావలెను, కుట్టు మిషన్ల మీద చేయి తిరిగిన ఆడపిల్లలు కావలెను. వాళ్ళకు కావలసినది వాళ్ళు అడగడంలో తప్పు లేదు. అట్లా అయితే కుట్టుపనివాళ్ళను పిలుస్తున్నామని చెప్పవలెను. నేతగాండ్రను అని చెప్పి మా ముసలివాళ్ళను యేడిపించకూడదు. 2019-20 చేనేత గణనలో దేశంలో చేనేత కార్మికులు 35 లక్షల 22 వేలమంది తేలినారు. వాళ్ళందరి పనితనం ఒక్క "నిపుణులు" అనే మాట కింద కలిపివేస్తే యెవరికీ వుపయోగం లేదు.

ఇంతవరకు ప్రభుత్వాలను అన్నాను. మనలను కూడా అనుకోవలెను. మనలో సాంచాలు పెట్టి కారఖానాదారులైనవాళ్ళు లేరా? వున్నారు, నలుగురిలో పేరు గలవాళ్ళు కూడా. సూరతులో, భివండిలో సాంచాల మీద గంజాం జిల్లా నుండి వచ్చిన ఒరియా సోదరులు, ఉత్తరప్రదేశ్, బీహారు నుండి వచ్చినవాళ్ళు యెందరో. వాళ్ళ పేరు మన పుస్తకంలో వ్రాస్తున్నామా? ప్రావిడెంట్ ఫండు కడుతున్నామా? బయానా యిచ్చి ఆ అప్పు తీరేదాకా కదలనీయకుండా కూర్చోబెట్టడం కంపెనీ గుమాస్తా చేస్తే అన్యాయం, మన సేటు చేస్తే వ్యాపారమా? 2020 లాక్‌డౌను నాడు నడిచిపోయినవాళ్ళలో మన కారఖానాలవాళ్ళు కూడా వున్నారు. ఈ మాట కొందరికి చేదుగా వుంటుందని తెలిసే వ్రాస్తున్నాను. బరంపురంలో మన పత్రిక చదివే దేవాంగ సోదరులు తమ పొరుగు పల్లెల పిల్లలు సూరతులో యెట్లా వుంటున్నారో నాకంటె బాగా చెప్పగలరు.

ఇక అక్కడి భూములిచ్చిన రైతుల మాట కూడా మరచిపోరాదు. వాళ్ళ పొలాల మీద ఆ పార్కు లేచింది. మొదటి వుద్యోగం వాళ్ళ పిల్లలకు రావలెను. మనం వారి కడుపు మీద నుండి నడిచిపోకూడదు. నార్విచ్‌లో కుట్ర పుట్టింది యిటువంటి చోటనే. పిలిచే పట్టణం అక్కడివానికి యేమి దక్కుతుందో, వచ్చేవానికి యేమి దక్కుతుందో రెండూ ముందే చెప్పకపోతే యిద్దరికీ తగవు పెట్టి తాను పక్కకు తప్పుకొంటుంది.

కనుక నా అభిప్రాయం యిది. ఆ పిలుపును మనం చప్పట్లు కొట్టి ఒప్పుకోకూడదు, అలిగి తోసివేయకూడదు. బదులు వ్రాయవలెను. పెట్టుబడిదారుకు భూమి ధర, కరెంటు ధర వ్రాసి యిచ్చినట్టే, తిరిగి వచ్చే నేతగానికి తన పేరున ఒక పత్రం యివ్వమని అడుగవలెను. అందులో ఇల్లు వుండవలెను. ఫ్యాక్టరీ హాస్టలు మంచం ఇల్లు కాదు. కుటుంబంతో వుండేదీ, కొన్నేండ్లు పనిచేస్తే ఇల్లాలి పేరున పట్టా అయ్యేదీ కావలెను. మగ్గం మీద గడిపిన యేండ్లను జీతం తరగతి కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోవలెను. లేకపోతే ఇరవై యేండ్లు నేసినవాడు మొన్న చేరిన పిల్లవానితో సమానంగా మొదలుపెడతాడు. వచ్చిన యేడాదే రేషనుకార్డు, కుల సర్టిఫికెట్టు పూర్వీకుల వూరి ఆధారం మీద యివ్వవలెను. పిల్లల స్థానికత సంగతి రాష్ట్రపతి వుత్తరువుతో ముడిపడింది కనుక ఒక్క కలెక్టరుగారి చేతిలో లేదు, ఒక్క రోజులో అయ్యేదీ కాదు. అయినా అడుగనిదే అది వున్నదని కూడా పై వాళ్ళకు తెలియదు. చేతిమగ్గం వారికి ఆ పార్కులోనో, వరంగల్లు కొత్తవాడలోనో నూలూ బేరమూ చూపే ఒక మూల వుండవలెను. వుండదు అంటే వుండదని ముందే చెప్పవలెను. అప్పుడు మా చిత్రపు నేత పెద్దాయన షోలాపూరులోనే నిమ్మళంగా నేసుకొంటాడు.

ఇటు షోలాపూరు పెద్దలకూ ఒక మాట. మా వూరికి కొత్త పరిశ్రమలు రావలెనని మీరు కూడా పెట్టుబడిదారులను పిలుస్తున్నారు. పిలవండి. కాని యిక్కడ వున్న పనివాడు యెందుకు పోవాలనుకొంటున్నాడో అడిగినవాళ్ళు లేరు. వచ్చేవాడికి పరిచే తివాచీలో నాలుగు పోగులు వున్నవాడికి కూడా పరవవచ్చును గదా.

మా అన్న కొడుకు యెదుట యిదంతా చెప్పినాను. వాడు కొంతసేపు వూరుకొని, "అయితే పోవద్దంటవా చిన్నాయినా?" అన్నాడు.

"పో. గాని సామాను కట్టుకొని పోకు. చూసి రా. పోయేటప్పుడు కోడల్ని గూడ తీస్కపో. ఇల్లు యెక్కడిస్తరో, బడి యెక్కడున్నదో ఆమె అడగవలె. నువ్వు సాంచాలు చూసి మురిసి వచ్చుడు గాదు."

దసరా సెలవులలో పోతామని చెప్పి భివండి బస్సు యెక్కినాడు.

మా సొసైటీ తరఫున ఒక కాగితం తయారు చేస్తున్నాము. షోలాపూరు, భివండి, సూరతు వగైరా వూళ్ళలో వుండి తిరిగి పోదలచిన కుటుంబాలు యెన్ని, యే పని తెలిసినవాళ్ళు, పూర్వపు వూరు యేది, పిల్లలు యే తరగతి, చేతిలో వున్న పాత కాగితం యేది అన్న వివరాలు మీ మీ సంఘాల కార్యదర్శులు వ్రాసి మన పత్రిక ఆఫీసుకు పంపితే అన్నీ కలిపి వరంగల్లు కలెక్టరుగారికీ, చేనేత జౌళి శాఖవారికీ పంపుతాము. పోదలచనివాళ్ళు కూడా యెందుకు పోదలచుకోలేదో ఒక్క వాక్యం వ్రాయండి. ఆడవాళ్ళ చేత వేరుగా వ్రాయించండి. పాత ఇంటిపన్ను రసీదులు, కారఖానా చీటీలు వుంటే అసలు పంపవద్దు, నకలు పంపండి. అసలును ట్రంకుపెట్టెలో కలరా వుండలు వేసి భద్రం చేయండి.

- ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, షోలాపూరు